మాక్సిమ్ గన్: చరిత్ర, పనితీరు, వెండితెర వేషాలు – తరచుగా అడిగే ప్రశ్నలు

పాత యుద్ధాల సినిమా చూసినప్పుడల్లా లావాటి గొట్టంతో, పక్కన వేలాడే గుడ్డ బెల్టుతో ఒక తుపాకి కనిపిస్తుంది. దాని అసలు పేరేమిటి, ఎలా పనిచేసేది, తెర మీద చూపించేదాంట్లో నిజమెంత? తరచుగా వచ్చే సందేహాలన్నీ ఇక్కడ ఒకచోట చేర్చాం.

మాక్సిమ్ గన్ అంటే ఏది? దానికి అంత పేరెందుకు?

తన పని తానే చేసుకుపోయే మొదటి మెషిన్ గన్ ఇది. పాత తెలుగులో మరతుపాకి అన్న మాట నిజంగా అతికేది దీనికే. హైరమ్ మాక్సిమ్ 1883 నుంచి వరుసగా పేటెంట్లు తీసుకుని, 1884లో లండన్‌లోని హాటన్ గార్డెన్‌లో ఉన్న తన వర్క్‌షాపులో పనిచేసే నమూనా తయారుచేశాడు. అంతకుముందు ఉన్నవాటిని చేత్తో తిప్పాలి. మాక్సిమ్ గన్‌లో మాత్రం తూటా పేలినప్పుడు వెనక్కి తన్నే శక్తే తర్వాతి తూటాను ఎక్కించి పేలుస్తుంది. నొక్కిన మీట వదిలేదాకానో, బెల్టు అయిపోయేదాకానో ఆగదు. వేగం నిమిషానికి సుమారు 600 తూటాలు.

మొదటిది గాట్లింగ్ గన్ కదా?

కాలం ప్రకారం గాట్లింగ్ ముందుదే. రిచర్డ్ గాట్లింగ్‌కు అమెరికా పేటెంటు 1862 నవంబరు 4న వచ్చింది. గుండ్రంగా అమర్చిన అనేక గొట్టాలు, వెనక ఒక హ్యాండిల్. మనిషి ఎంత వేగంగా తిప్పితే అంత వేగం. కంగారులో ఎక్కువ వేగంగా తిప్పితే ఇరుక్కుపోయేది కూడా. దాన్ని వేగంగా కాల్చే తుపాకి అనొచ్చు కానీ, ఆటోమేటిక్ అనలేం. ఈ రెంటినీ ఒకే గాటన కట్టే వ్యాసాలు బోలెడున్నాయి. హ్యాండిల్ ఆపితే ఆగిపోయేది గాట్లింగ్, మీట వదిలితేనే ఆగేది మాక్సిమ్. ఈ ఒక్క తేడా గుర్తుంచుకుంటే చాలు.

హైరమ్ మాక్సిమ్ ఎవరు? సైనికుడా?

కాదు. అమెరికాలోని మెయిన్ రాష్ట్రంలో శాంగర్‌విల్ అనే ఊళ్లో 1840 ఫిబ్రవరి 5న పుట్టిన మెకానిక్. విద్యుద్దీపాల వ్యాపారం మీద యూరప్ వచ్చి లండన్‌లో స్థిరపడ్డాడు. పెద్దగా డబ్బు చేసుకోవాలంటే యూరోపియన్లు ఒకరినొకరు చంపుకోవడానికి తేలికైన సాధనమేదో కనిపెట్టు అని ఒక అమెరికన్ మిత్రుడు సలహా ఇచ్చాడని ఆయనే చెప్పుకునేవాడు. రైఫిల్ కాల్చినప్పుడు భుజం కమిలిపోవడం చూసి, వృథాగా పోతున్న ఆ తన్నును పనిలో పెడితే పోలా అనుకున్నాడని మరో కథ. కథల మాట ఎలా ఉన్నా, పేటెంట్లు తీసుకోవడంలో మాత్రం ఆయన ఘటికుడు. తన్ను శక్తితోనే కాక తుపాకిని నడిపించే ఇతర దారుల మీద కూడా ముందుగానే హక్కులు రాయించుకున్నాడు.

1884లో ఆల్బర్ట్ వికర్స్ అండతో కంపెనీ పెట్టాడు. 1888లో అది నార్డెన్‌ఫెల్ట్ కంపెనీతో కలిసింది. 1897లో వికర్స్ సంస్థ మొత్తం కొనేసింది. 1894లో కెంట్‌లో ఆవిరితో నడిచే భారీ విమానాన్ని పట్టాల మీద పరిగెత్తించాడు. అది పట్టాలు వదిలి కాస్త లేచి, విరిగి ఆగిపోయింది. 1901లో సర్ బిరుదు వచ్చింది. ఏళ్ల తరబడి తన తుపాకుల పక్కనే నిలబడి చెవుడు తెచ్చుకున్నాడు. 1916 నవంబరు 24న, ఆయన యంత్రం పిల్లలు మొదటి ప్రపంచ యుద్ధంలో, ఫ్రాన్స్‌లో, రెండు వైపుల నుంచీ మోగుతుండగానే పోయాడు. ఇంకో ముచ్చట: తుపాకి చప్పుడు తగ్గించే సైలెన్సర్‌ను అమ్మకానికి తెచ్చినవాడు ఆయన కొడుకు హైరమ్ పెర్సీ మాక్సిమ్. తండ్రి చప్పుడు పెంచితే కొడుకు తగ్గించాడు.

లోపల ఏం జరుగుతుంది?

మన మోకాలిని ఊహించుకోండి. కాలు నిటారుగా చాపి ఉంచితే ఎంత బరువైనా మోస్తుంది. మోకాలి వెనక కాస్త తాకితే చాలు, మడతపడిపోతుంది. మాక్సిమ్ లోపలి కీలు సరిగ్గా అదే. తూటా పేలే క్షణంలో ఆ కీలు నిటారుగా ఉండి గొట్టం వెనక భాగాన్ని గట్టిగా మూసి ఉంచుతుంది. పేలుడు తన్నుకు గొట్టం, దాని వెనక భాగాన్ని మూసే లాక్ అనే ముక్క రెండూ కలిసి సుమారు అంగుళం వెనక్కి వస్తాయి. ఆలోగా తూటా గొట్టం దాటిపోతుంది, లోపలి ఒత్తిడి తగ్గుతుంది. అప్పుడు బయట ఉన్న క్రాంకు మీట ఒక రోలర్‌కు తగిలి, మోకాలు మడతపడుతుంది. గొట్టం అక్కడ ఆగిపోతుంది, లాక్ ఒక్కటే ఇంకా వెనక్కి పోతుంది.

ఈ లాక్ ముఖాన ఒక జారుడు పలక ఉంటుంది. అది ఒకేసారి రెండింటిని పట్టుకుని లాగుతుంది: పైన బెల్టులోంచి కొత్త తూటాను, కింద గొట్టంలోంచి పేలిన తూటా ఖాళీ తొడుగును. వెనక్కి వెళ్తూ పలక కిందికి జారుతుంది. దాంతో కొత్త తూటా గొట్టం నోటికి ఎదురుగా, ఖాళీ తొడుగు బయటికి పోయే దారికి ఎదురుగా వస్తాయి. ఎడమవైపు చిన్న పెట్టెలో ఉన్న స్ప్రింగు ఇప్పుడు అంతటినీ ముందుకు లాగుతుంది. తూటా లోపలికి, తొడుగు బయటికి, బెల్టు ఒక గడి పక్కకి. మీట నొక్కే ఉంటే మళ్లీ పేలుతుంది. ఇదంతా సెకనులో పదో వంతు.

బెల్టు కుడివైపు నుంచి ఎక్కి ఎడమవైపుకు దిగుతుంది. కాల్చే మీట వేలితో లాగేది కాదు. వెనక రెండు పిడులు పట్టుకుని, వాటి మధ్యనున్న మీటను బొటనవేళ్లతో నొక్కుతారు.

ఆ గొట్టం అంత లావెందుకు?

అది గొట్టం కాదు, నీళ్ల తొడుగు. అసలు గొట్టం మామూలు రైఫిల్ గొట్టం మందమే, ఆ నీళ్లలో మునిగి ఉంటుంది. మాక్సిమ్ విజయానికి తన్ను ఒక కారణమైతే, ఈ నీళ్లు రెండో కారణం. మా లెక్కలో రెండోదే పెద్దది. వేగంగా కాల్చే తుపాకిని చేయడం కన్నా, కాలిపోకుండా గంటల తరబడి కాల్చే తుపాకిని చేయడం కష్టం.

మాక్సిమ్‌ను బ్రిటన్‌లో మార్చి చేసిన 1912 నాటి వికర్స్ నమూనా లెక్కలు చూడండి. తొడుగులో పట్టే నీళ్లు 4 లీటర్లకు కొంచెం పైన. నిమిషానికి 200 చొప్పున కాలిస్తే మూడు నిమిషాల్లో, అంటే 600 తూటాలకు, నీళ్లు మరగడం మొదలవుతుంది. అక్కడి నుంచి ప్రతి 1000 తూటాలకు దగ్గర దగ్గర లీటరు ఆవిరైపోతుంది. నీళ్లు పోస్తున్నంతసేపూ గొట్టం ఉష్ణోగ్రత అదుపులోనే ఉంటుంది. సుమారు 10,000 తూటాలకు ఒకసారి గొట్టం మారుస్తారు.

ఆవిరి ఊరికే వదిలేస్తే రెండు నష్టాలు: నీళ్లు పోతాయి, తెల్లటి ఆవిరి చూసి శత్రువు చోటు పసిగడతాడు. అందుకని రబ్బరు పైపుతో ఆవిరిని పక్కనున్న డబ్బాలోకి పంపి, అక్కడ చల్లారిన నీటిని మళ్లీ తొడుగులో పోసేవారు. ఆ వేడి నీళ్లతో టీ కాచుకున్నారన్న కథలు చాలా ఉన్నాయి. నూనె వాసన కొట్టే ఆ టీ ఎలా ఉండేదో తాగినవాళ్లకే తెలియాలి.

చలి దేశాల్లో ఇబ్బంది తిరగబడుతుంది. నీళ్లు గడ్డకడితే తొడుగు పగులుతుంది, గొట్టం కదలదు. గ్లిజరిన్ లాంటివి కలిపి వాడేవారు. ఫిన్లండ్ వాళ్లు తమ 1932 నమూనాకు మంచు ముద్దలే నేరుగా కూరేటంత పెద్ద మూత పెట్టారు. సోవియట్లు 1941లో అదే పద్ధతి తీసుకున్నారు. ఈ మూత సంగతి గుర్తుంచుకోండి, కింద సినిమాల దగ్గర పనికొస్తుంది.

ఒక్కడే మోసుకెళ్లి కాల్చగలడా?

సినిమాలో అయితే ఏదైనా చేయొచ్చు. నీళ్లు లేకుండా వికర్స్ తుపాకి 15 కిలోలు, ముక్కాలి స్టాండు 20 కిలోలకు పైన. 250 తూటాల బెల్టున్న పెట్టె ఒక్కొక్కటి సుమారు 10 కిలోలు. జర్మన్ల మాక్సిమ్ నమూనా అయిన ఎంజీ 08, మంచుబండిలాంటి దాని స్లెడ్జి స్టాండు కలిపితే 60 కిలోలు దాటుతుంది. రష్యన్ మాక్సిమ్ కూడా చక్రాలు, ఇనుప కవచంతో కలిపి ఇంచుమించు అంతే. అందుకే దానికి చక్రాలు.

ఒక తుపాకికి ఆరు నుంచి ఎనిమిది మంది ఉండేవారు. ఒకడు కాల్చేవాడు. పక్కన పడుకుని బెల్టును సమంగా అందించేవాడు రెండోవాడు. మిగతావాళ్లు పెట్టెలు, నీళ్లు, విడి గొట్టం మోయడానికి, దూరం అంచనా వేయడానికి. ఎక్కువగా ఇరుక్కుపోవడానికి కారణం బెల్టు వంకరగా వెళ్లడమే. అంటే కాల్చేవాడి కన్నా రెండోవాడి చేతిలోనే తుపాకి ప్రాణం ఉన్నట్టు. సినిమాల్లో ముందుగా మాయమయ్యేది వీడే.

ఏ కారణాల వల్ల ఆగిపోయేది?

బెల్టు కాన్వాసు గుడ్డ. తడిస్తే ఉబ్బి తూటాను బిగపట్టేస్తుంది, లాక్ దాన్ని లాగలేదు. ఆరిపోయి వదులైతే తూటాలు జారి వంకర అవుతాయి. పేలిన తూటా తొడుగు చిరిగి లోపలే ఉండిపోతే తర్వాతి తూటా దాంట్లో దూరి ఇరుక్కుంటుంది. ఇసుక, బురద, నూనె చిక్కబడటం, స్ప్రింగు బిగువు తగ్గడం లాంటివి సరే సరి.

మందుగుండు కూడా ఒక కారణమే. తొలి మాక్సిమ్‌లు పాతకాలపు నల్ల తుపాకీమందుతో నడిచాయి. పొగ కమ్మేసి కాల్చేవాడికే ఎదురేమీ కనిపించేది కాదు, మసి పేరుకుని లోపల పట్టేసేది. 1884లోనే ఫ్రాన్స్‌లో పోల్ వియే పొగరాని మందు కనిపెట్టాడు. అది సైన్యాలకు అందిన తర్వాతే మాక్సిమ్ తన పూర్తి సత్తా చూపించింది.

వికర్స్ దళాలకు నేర్పిన పద్ధతి ముచ్చటైనది. తుపాకి ఆగిందంటే మూత తీసి వెతుక్కోనక్కర్లేదు. కుడిపక్క క్రాంకు మీట ఏ కోణంలో ఆగిందో చూడాలి. నాలుగు స్థానాలు, ఒక్కో స్థానానికి ఒక్కో రకం లోపం, ఒక్కో చికిత్స. చీకట్లో చేత్తో తడిమి కూడా చెప్పగలిగేవారు. నాడి పట్టి రోగం చెప్పినట్టన్నమాట.

మొదట ఎవరి మీద వాడారు?

యూరోపియన్ల మీద కాదు. ఆఫ్రికాలో. 1893లో ఇప్పటి జింబాబ్వేలో బ్రిటిష్ వలసవాది సెసిల్ రోడ్స్ కంపెనీ సైన్యం మటబెలే యోధుల మీద పెద్ద ఎత్తున వాడింది. అక్టోబరు 25న షంగాని దగ్గర, నవంబరు 1న బెంబెజి దగ్గర కొద్దిపాటి మాక్సిమ్‌లతో వేలమందిని నిలువరించారు. 1898 సెప్టెంబరు 2న సూడాన్‌లోని ఓమ్‌డుర్మన్ దగ్గర పదివేల మందికి పైగా మహదీ సైనికులు చనిపోతే, అవతలి బ్రిటిష్-ఈజిప్టు సైన్యంలో పోయినవాళ్లు యాభై లోపే. అదంతా మాక్సిమ్ పుణ్యమేనని రాసేస్తుంటారు. ఫిరంగులు, రైఫిళ్లు కూడా అక్కడ తక్కువేమీ చేయలేదు. అయినా వలస పాలనకు ఈ తుపాకి ఇచ్చిన ధీమా అబద్ధం కాదు.

దక్షిణాఫ్రికాలో డచ్చి సంతతి బోయర్లకు, బ్రిటిష్ వాళ్లకు మధ్య 1899 నుంచి 1902 దాకా సాగిన బోయర్ యుద్ధంలో కథ అడ్డం తిరిగింది. మాక్సిమ్ పెద్దన్న లాంటి 37 మిల్లీమీటర్ల తుపాకిని బోయర్లే బ్రిటిష్ వాళ్ల మీదికి తిప్పారు. దాని చప్పుడు బట్టి పామ్-పామ్ అన్న పేరొచ్చింది. 1904-05లో రష్యా, జపాన్ యుద్ధంలో రష్యన్ మాక్సిమ్‌ల పని చూసి కూడా యూరప్ సైన్యాధికారుల్లో చాలామంది పాఠం నేర్వలేదు.

మన దేశంతో సంబంధం ఉందా?

ఉంది, అంత గర్వపడేది కాదు. 1904 మార్చి 31న టిబెట్‌లోని చుమిక్ షెన్కో దగ్గర యంగ్‌హస్బెండ్ నడిపిన బ్రిటిష్ ఇండియా దండు, నార్ఫోక్ రెజిమెంటు మాక్సిమ్‌లతోను రైఫిళ్లతోను వందలమంది టిబెటన్లను కాల్చి చంపింది. వాళ్ల చేతుల్లో ఉన్నవి చాలావరకు కత్తులు, వత్తి తుపాకులు.

ఇంకో వైపు, బ్రిటన్ అత్యున్నత సాహస పతకం విక్టోరియా క్రాస్ పొందిన మొదటి భారత సైనికుడు మెషిన్ గన్ మనిషే. 129వ బలూచీ దళానికి చెందిన ఖుదాదాద్ ఖాన్ 1914 అక్టోబరు 31న బెల్జియంలోని హొలెబెక్ దగ్గర, తోటివాళ్లంతా చనిపోయినా, తానూ గాయపడి, తుపాకి వదలకుండా కాల్చాడు. చనిపోయాడనుకుని శత్రువు వదిలేస్తే రాత్రి పాకుతూ తిరిగొచ్చాడు.

జలియన్‌వాలాబాగ్‌లో మెషిన్ గన్ వాడారని సినిమాల్లో విన్నాం. నిజమేనా?

వాడలేదు. 1919 ఏప్రిల్ 13న డయ్యర్ మెషిన్ గన్లు బిగించిన రెండు సాయుధ కార్లు తెచ్చాడు. సందు ఇరుకై అవి లోపలికి పట్టలేదు, బయటే ఆగిపోయాయి. 1650 తూటాలు కాల్చినవి 50 మంది సైనికుల రైఫిళ్లు. కార్లు లోపలికి వెళ్లగలిగితే మెషిన్ గన్లు వాడేవాడినేమో అని, ఆ ఘటనపై విచారణ జరిపిన హంటర్ కమిటీ ముందు డయ్యర్ ఒప్పుకున్నాడు. రిచర్డ్ అటెన్‌బరో ‘గాంధీ’ (1982) ఈ సంగతిని సరిగ్గానే చూపించింది. ఆ ఘట్టంలో బండి సందు దగ్గర ఆగిపోవడం, తర్వాత విచారణలో ఆ ప్రశ్న రావడం రెండూ ఉన్నాయి.

మాక్సిమ్, వికర్స్, ఎంజీ 08, స్పాండౌ: ఇవన్నీ వేర్వేరా?

ఒకే తల్లి పిల్లలు. బ్రిటన్‌లో వికర్స్ సంస్థ ఆ మోకాలి కీలును తలకిందులు చేసి, పైకి మడిచేలా మార్చి, పెట్టె ఎత్తు తగ్గించి, బరువు దించింది. అదే 1912లో సైన్యంలో చేరిన వికర్స్ గన్. 1968 దాకా బ్రిటిష్ సైన్యంలో కొలువు చేసింది. జర్మనీ 1908లో చేసినది ఎంజీ 08. బెర్లిన్ పక్కన స్పాండౌ కర్మాగారంలో తయారైనందుకు అవతలివాళ్లు స్పాండౌ అన్నారు. రష్యాది 1910 నమూనా. ఫిన్లండ్, చైనా కూడా సొంత నమూనాలు చేసుకున్నాయి. చైనాది టైప్ 24.

1915లో జర్మన్లు దానికి రైఫిల్ మడమ, రెండు కాళ్లు తగిలించి ఎంజీ 08/15 అన్నారు. తేలిక తుపాకి అన్న పేరే గానీ మోసేవాడి నడుం విరిగేది. ఎటు చూసినా అదే కనిపించి, జర్మన్ భాషలో ‘సున్నా ఎనిమిది పదిహేను’ అంటే మామూలు, విశేషం లేనిది అన్న నుడికారం స్థిరపడింది. ఇప్పటికీ వాడతారు.

మొదటి ప్రపంచ యుద్ధపు ఆకాశంలోనూ ఇదే సంతతి. బ్రిటిష్ సాప్‌విత్ క్యామెల్ ముక్కున రెండు వికర్స్‌లు, జర్మన్ ఫోకర్ ముక్కున రెండు స్పాండౌలు. విమానంలో గాలే చల్లబరుస్తుంది కాబట్టి నీళ్లు తీసేసి తొడుగుకు చిల్లులు పెట్టారు. అంటే కాల్చుకుంటున్న ఇద్దరు పైలట్ల చేతిలోనూ మాక్సిమ్ గారి యంత్రమే. ఇక నేల మీద సంగతి: సోమ్ యుద్ధం మొదటి రోజు, 1916 జులై 1న, బ్రిటిష్ నష్టం 57,470 మంది. అందులో చనిపోయినవారు 19,240. ఆ లెక్కలో ఎంజీ 08 వాటా చాలా పెద్దది.

తెర మీద ఏది ఏదో ఎలా గుర్తుపట్టాలి?

స్టాండు చూడండి. చిన్న చక్రాలు, ఇనుప కవచం ఉంటే రష్యన్. నాలుగు కాళ్ల స్లెడ్జి మీద కూర్చుంటే జర్మన్ ఎంజీ 08. ముక్కాలి పీట, పొడవునా గాడులున్న తొడుగు, కొసన శంకువులాంటి మూతి ఉంటే వికర్స్. స్టాండు కనిపించకపోతే వెనక పెట్టె చూడండి. లోతుగా కిందికి దిగితే పాత మాక్సిమ్ లేక ఎంజీ 08, పొట్టిగా ఉంటే వికర్స్. తొడుగు ఇత్తడిలా మెరిసిపోతుంటే తొలినాళ్ల నమూనా అన్నమాట.

సినిమాల్లో దీనికి అసలైన కీర్తి ఎక్కడ దక్కింది?

‘చపాయెవ్’ (1934) అనే సోవియట్ చిత్రంలో. శత్రు సేన డప్పులు కొట్టుకుంటూ, బారులు తీరి, ఒక్క తూటా కాల్చకుండా నడిచొస్తుంది. ఆంకా అనే అమ్మాయి మాక్సిమ్ వెనక పడుకుని, వాళ్లు బాగా దగ్గరయ్యేదాకా కాల్చదు. ఆ ఎదురుచూపే దృశ్యం ప్రాణం. వర్వారా మ్యాస్నికోవా వేసిన ఆ పాత్ర రష్యాలో సామెతల్లోకి, జోకుల్లోకి ఎక్కిపోయింది. గుర్రబ్బండి వెనక మాక్సిమ్ బిగించిన తచాంకా కూడా రష్యా అంతర్యుద్ధ చిత్రాల్లో తప్పనిసరి సరంజామా. చివరికి నేర చిత్రం ‘బ్రాత్ 2’ (2000)లో కూడా కారు వెనక నుంచి ఇదే తుపాకి పేలుతుంది. ప్రేక్షకులు నవ్వింది తచాంకా గుర్తొచ్చే.

తుపాకి బరువును నిజాయతీగా చూపించిన సినిమాలున్నాయా?

ఫిన్లండ్ వాళ్ల ‘తున్తెమాటన్ సోటిలస్’, అంటే తెలియని సైనికుడు. వైనో లిన్నా 1954 నవల ఆధారంగా 1955, 1985, 2017లలో మూడుసార్లు తీశారు. కథ నడిచేది ఒక మెషిన్ గన్ కంపెనీలో. అందుకే తుపాకిని, స్టాండును విడదీసి భుజాన వేసుకుని అడవుల్లో, బురదలో ఈడ్చుకుపోయే కష్టమంతా కనిపిస్తుంది. మాక్సిమ్ సినిమా ఒక్కటే చూస్తామంటే మేం చెప్పేది ఇదే.

‘ఆల్ క్వైట్ ఆన్ ది వెస్టర్న్ ఫ్రంట్’ తొలి రూపం (1930)లో దాడి దృశ్యం మరో మెట్టు. కెమెరా పక్కకి జరుగుతుంటే, అదే వేగంతో పరుగెత్తే సైనికులు వరసగా కూలిపోతారు. కాల్చేవాడి చూపును కెమెరాకు ఇచ్చిన పద్ధతి అది, తర్వాత ఎందరో వాడుకున్నారు.

కేజీఎఫ్‌లో గొట్టం ఎర్రగా కాలిపోతుంది. మాక్సిమ్‌కు అలా జరుగుతుందా?

‘కేజీఎఫ్ చాప్టర్ 2’ (2022)లో రాకీ పోలీస్ స్టేషన్ మీద కాల్చి, కాగిన గొట్టానికి సిగరెట్ ముట్టించుకోవడం తెలుగు థియేటర్లలో ఈలలు వేయించింది. అది నీళ్లు లేని, గాలికే చల్లబడే తరహా తుపాకి. ఆగకుండా కాలిస్తే అలాంటి గొట్టం ఎర్రబడటం సాధ్యమే. కానీ ఎర్రబడిన గొట్టం మెత్తబడి పాడైపోయినట్టే లెక్క. మాక్సిమ్‌లో నీళ్లున్నంతసేపూ బయటి తొడుగు మరిగే నీటి వేడిని దాటదు. చెయ్యి కాలుతుంది, సిగరెట్ అంటుకోదు.

వేరే తుపాకిని మాక్సిమ్ అనుకునే సందర్భాలేవి?

‘ది వైల్డ్ బంచ్’ (1969) చివర్లో మోగేది మాక్సిమ్ కాదు, 1917 నాటి బ్రౌనింగ్. అదీ నీళ్ల తొడుగుదే కాబట్టి పొరబడతారు. కథాకాలం 1913, తుపాకి వచ్చింది 1917. గొప్ప సినిమాయే గానీ ఇక్కడ పప్పులో కాలేసింది. ‘ది లాస్ట్ సమురాయ్’ (2003)లోది గాట్లింగ్, చేత్తో తిప్పడం స్పష్టంగా కనిపిస్తుంది. ‘స్టార్ వార్స్’ (1977)లో సైనికుడి చేతిలోని లావు గొట్టపు ఆయుధం లూయిస్ గన్, మీదుండే పళ్లెం తీసేశారంతే. లూయిస్ గొట్టం లావు నీళ్ల వల్ల కాదు, లోపలి అల్యూమినియం రెక్కల వల్ల.

షూటింగులో నిజంగానే కాలుస్తారా?

అసలు తుపాకిని బ్లాంకు తూటాలకు మార్చి వాడటం ఒక పద్ధతి. ఇక్కడో చిక్కుంది. బ్లాంకులో గుండు ఉండదు కాబట్టి వెనక్కి తన్ను సరిపోదు, మాక్సిమ్ ఒక్కసారి పేలి ఊరుకుంటుంది. అందుకని గొట్టం మూతిని ఇరుకు చేసి వాయువును ఆపుతారు. రెండో పద్ధతి గ్యాసు మంటతో నడిచే నకలు తుపాకి. మంట బాగా వస్తుంది గానీ బెల్టు కదలదు, తొడుగులు రాలవు. ఈ మధ్య నకలు తుపాకి పట్టించి మంట, పొగ, తొడుగులు కంప్యూటర్లో చేరుస్తున్నారు.

సినిమా తప్పు పట్టుకోవాలంటే దేన్ని చూడాలి?

బెల్టు ముందు. 250 తూటాలు నిమిషానికి 500 లెక్కన అర నిమిషంలో అయిపోతాయి. హీరో రెండు నిమిషాలు ఆగకుండా కాల్చాడంటే నాలుగు బెల్టులు మార్చాలి, 40 కిలోల పెట్టెలు పక్కనుండాలి. బెల్టు కుడి నుంచి కాక ఎడమ నుంచి ఎక్కుతుంటే ఫిల్మును తిప్పి వేశారని అనుమానించొచ్చు. కొత్త బెల్టు పెట్టినప్పుడు క్రాంకు మీటను రెండుసార్లు లాగాలి: మొదటిసారి తూటాను పట్టుకోవడానికి, రెండోసారి గొట్టంలోకి పంపడానికి. ఒక్కసారి లాగి కాల్చేస్తే నటుడికి చెప్పేవాళ్లు లేరన్నమాట. ఖాళీ తొడుగులు ఎంజీ 08, రష్యన్ మాక్సిమ్‌లలో గొట్టం కింద నుంచి ముందుకు పడతాయి, వికర్స్‌లో అడుగు నుంచి నేలకు రాలతాయి. పక్కకి చిమ్మితే అది కంప్యూటర్ పనితనం.

1919 అంతర్యుద్ధం కథలో రష్యన్ మాక్సిమ్ నెత్తిన రేడియేటర్ మూతలాంటి పెద్ద మూత కనిపిస్తే, అది 1941 తర్వాతి తుపాకి. ఇది తరచుగా దొరికే తప్పు. చాలాసేపు కాల్చిన తర్వాత కూడా ఆవిరి కనిపించకపోతే, పైపు, డబ్బా ఉన్నాయేమో వెతకండి. రెండూ లేకపోతే తొడుగులో నీళ్లే పోయలేదని అర్థం.

ఇప్పటికీ ఎవరైనా వాడుతున్నారా?

ఉక్రెయిన్ వాడుతోంది. సోవియట్ గోదాముల్లో మిగిలిన 1910 నమూనా మాక్సిమ్‌లను 2022 తర్వాతి యుద్ధంలో స్థిరమైన కందకాల్లోను, డ్రోన్లను కూల్చడానికి కొన్నిచోట్ల జంటలుగా బిగించీ వాడుతున్నారు. మోసుకు తిరగాల్సిన పని లేనిచోట బరువు దోషం కాదు, నీళ్లుంటే ఎంతసేపైనా కాలుస్తుంది. ఏ గుణం కోసం 1884లో పుట్టిందో ఆ గుణమే ఇప్పుడూ అక్కరకొచ్చింది.

పాతది దొరికితే ఇంట్లో అలంకారంగా పెట్టుకోవచ్చా?

కుదరదు. మీట వదిలేదాకా కాల్చే ఆయుధాలన్నీ మన దేశంలో 1959 ఆయుధాల చట్టం ప్రకారం నిషిద్ధ ఆయుధాలు. కేంద్ర ప్రభుత్వ ప్రత్యేక అనుమతి లేకుండా దగ్గర ఉంచుకోవడమే నేరం. తుప్పు పట్టిన తుపాకి గానీ, పాత తూటాల బెల్టు గానీ ఎక్కడైనా బయటపడితే కదపకండి, శుభ్రం చేయబోకండి. పాత తూటాలు తాకిడికే పేలే ప్రమాదముంది. దగ్గరి పోలీస్ స్టేషన్‌కు చెప్పి, వాళ్లు వచ్చేదాకా పిల్లల్ని అటు పోనివ్వకండి.